సముద్రం నుంచి లేచి వచ్చిన గొజిరా

1954వ సంవత్సరం మధ్యలో ఒకనాడు టోక్యోలోని తోహో స్టూడియోలో హరువో నకాజిమా అనే 25 ఏళ్ళ నటుడు ఒక రబ్బరు తొడుగులోకి దూరాడు. వెదురు బద్దలను, ఇనుప తీగలను అస్థిపంజరంగా అల్లి, దానిమీద పొరలు పొరలుగా రబ్బరు పోసి గట్టిపరచిన తొడుగు అది. బరువు దాదాపు 100 కిలోలు. వీపు వైపున ఉన్న చీలికలోంచి లోపలికి దిగాలి. దిగిన తరువాత బయటి ప్రపంచం కనిపించేది ఆ మృగం మెడలో తొలిచిన చిన్న చిన్న రంధ్రాల గుండా మాత్రమే. నకాజిమా బలశాలి. అయినా పట్టుమని పది మీటర్లు నడిచేసరికి అడుగు తీసి అడుగు వేయడం అసాధ్యమైపోయింది. ఇక లాభం లేదని కళాకారులు కొంత తేలికైన మరొక తొడుగును తయారుచేశారు. మొదటిదానిని నడుము దగ్గర రెండుగా కోసి, కాళ్ళు మాత్రమే కనిపించవలసిన దృశ్యాలకు వాడుకున్నారు.

ఆ ఏడాది నవంబరు 3న 'గొజిరా' చిత్రం విడుదలైంది. జపానులో 96 లక్షల మంది దానిని చూశారు. ఇంగ్లీషు నోటబడి 'గాడ్జిల్లా'గా మారిన ఆ పేరు తెలియని దేశం నేడు దాదాపు లేదు. ఒక్క జపానులోనే ఆ మృగం పేరిట 30కి పైగా చిత్రాలు వచ్చాయి. రెక్కలున్నవి, మూడు తలలున్నవి, తాబేలు రూపాన ఎగిరేవి - దాని వెనుక నడిచిన మృగాల సంతతికి లెక్కే లేదు.

చదువుకున్నవారు చాలామంది ఈ చిత్రాలను చూసి నవ్వుకుంటారు. రబ్బరు తోలు, దానిలో చెమటలు కక్కే ఒక మనిషి, అతని కాళ్ళ కింద నలిగే బొమ్మరిళ్ళు - ఇందులో పెద్దలు చూడదగినదేముంది? ఈ ప్రశ్నకు సగం సమాధానం మనకు తెలిసినదే. తెర వెనుక ఆడించేవాడి చేతులున్నాయని తెలిసే తోలుబొమ్మలాట ప్రేక్షకుడు లక్ష్మణమూర్ఛకు కంటతడి పెడతాడు. జపానువారి బున్‌రాకు బొమ్మలాటలో అయితే ఆడించేవారు తెరచాటున కూడా ఉండరు. అందరి కళ్ళ ఎదుటే నిలబడి బొమ్మను కదిలిస్తారు. బొమ్మ అబద్ధమైనంత మాత్రాన దుఃఖం అబద్ధం కాదు. మిగిలిన సగం సమాధానం మాత్రం 1954వ సంవత్సరంలో ఉంది.

ఆ ఏడాది మార్చి 1వ తేదీ వేకువన, పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవి వద్ద అమెరికా ఒక ఉదజని బాంబును పేల్చి చూసింది. 15 మెగాటన్నుల బలంతో పేలిన ఆ బాంబు, దానిని తయారుచేసిన శాస్త్రజ్ఞుల అంచనాను రెండున్నర రెట్లు మించిపోయింది. హిరోషిమాపై పడిన బాంబుతో పోలిస్తే సుమారు 1,000 రెట్లు. ప్రమాద మండలంగా ప్రకటించిన హద్దుకు వెలుపల, దాదాపు 150 కిలోమీటర్ల దూరాన, 23 మంది జాలరులతో ఒక జపాను పడవ ట్యూనా చేపల కోసం గాలాలు వేసుకుని ఉంది. పడవ పేరు 'దాయిగో ఫుకుర్యూ మారు'. ఐదవ అదృష్ట నాగం అని అర్థం. ఆ జాలరులకు పడమటి దిక్కున సూర్యుడు ఉదయించినట్లు వెలుగు కనిపించింది. కొన్ని గంటల తరువాత ఆకాశం నుంచి తెల్లని బూడిద రాలింది. పగడపు దిబ్బలు కాలి బూడిదై, రేడియో ధార్మికతను మోసుకుని దిగిన పొడి అది. జపాను పత్రికలు దానికి 'మరణ భస్మం' అని పేరు పెట్టాయి. పడవ మార్చి 14న యాయిజు రేవు చేరేసరికి జాలరుల ఒళ్ళు కమిలిపోయి, జుట్టు ఊడిపోతూ ఉంది. పడవలోని వైర్‌లెస్ ఉద్యోగి ఐకిచి కుబోయామా తన 40వ ఏట, సెప్టెంబరు 23న మరణించాడు.

అన్నానికి తోడు చేప లేనిదే గడవని దేశం అది. ఆ చేప ఇప్పుడు విషమైంది. రేవుల్లో గైగర్ కౌంటర్లు పట్టుకుని అధికారులు ట్యూనాలను పరీక్షించారు. వందల టన్నుల చేపలను పూడ్చిపెట్టించారు. టోక్యోలోని సుగినామి పేట గృహిణులు అణు పరీక్షలకు వ్యతిరేకంగా ప్రారంభించిన సంతకాల ఉద్యమం, 1955 ఆగస్టు నాటికి 3 కోట్ల సంతకాలను దాటింది. ఢిల్లీలో కూడా ఆ బూడిద ప్రతిధ్వనించింది. 1954 ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ పార్లమెంటులో మాట్లాడుతూ, నిరాయుధీకరణ మాట తేలేవరకు కనీసం ఈ పరీక్షలనైనా ఎక్కడివక్కడ నిలిపివేయాలని అణ్వస్త్ర రాజ్యాలను కోరారు.

ఆ రోజుల్లోనే తోహో సంస్థ నిర్మాత తొమొయుకీ తనాకా ఇండొనేషియాతో కలసి తీయవలసిన ఒక చిత్రం తలక్రిందులైంది. ఆ దేశం అనుమతి ఇవ్వలేదు. చేతిలో చిత్రం లేక, వట్టి చేతులతో విమానంలో తిరిగి వస్తూ, కింద పరచుకున్న సముద్రాన్ని చూస్తూ ఉండగా ఆయనకు ఒక ఆలోచన తట్టింది: ఆ నీళ్ళ అడుగున యుగాలుగా నిద్రిస్తున్న ఒక జంతువు ఉదజని బాంబు దెబ్బకు మేల్కొంటే? గొరిల్లాను జపానువారు 'గొరిరా' అంటారు, తిమింగిలాన్ని 'కుజిరా' అంటారు. రెండూ కలిపితే గొజిరా.

ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. అమెరికావారి 'కింగ్ కాంగ్' 1933లోనే వచ్చింది. బాంబు పేలుడుకు లేచిన ప్రాచీన జంతువు కథతో మరొక అమెరికన్ చిత్రం 1953లో వచ్చింది. కాని అమెరికన్ చిత్రంలో బాంబు కథకు ఒక సాకు. జపాను చిత్రంలో కథే బాంబు. దీనికి కారణం ఉంది. 1945 మార్చి 10న ఒక్క రాత్రిలో టోక్యోపై కురిసిన అగ్నిబాంబులకు సుమారు లక్షమంది కాలిపోయారు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి దగ్ధమయ్యాయి. ఆ తరువాత వచ్చిన అమెరికన్ ఆక్రమణ ప్రభుత్వం అణుబాంబు బాధల గూర్చిన రాతలపైన, ఛాయాచిత్రాలపైన కట్టుదిట్టమైన సెన్సారు విధించింది. 1952 ఏప్రిల్‌లో ఆక్రమణ ముగిశాకనే, హిరోషిమా ఛాయాచిత్రాలు ఒక వారపత్రికలో సామాన్య ప్రజల కంటబడ్డాయి. అంటే గొజిరా తెరకెక్కే నాటికి ఆ జాతికి తన దుఃఖాన్ని నోరు విప్పి చెప్పుకునే స్వేచ్ఛ వచ్చి రెండున్నరేళ్ళు మాత్రమే.

దర్శకుడు ఇషిరో హోండా సైన్యంలో చేరి చైనాలో ఏళ్ళ తరబడి గడిపినవాడు. 1946లో స్వదేశానికి తిరిగి వస్తూ ఆయన హిరోషిమా మీదుగా ప్రయాణించాడు. ఆయన అకీరా కురొసావాకు ఆప్తమిత్రుడు. ఇద్దరూ ఒకే గురువు వద్ద సహాయకులుగా పనిచేశారు. ట్రిక్కు దృశ్యాలను రూపొందించిన ఎయిజీ త్సుబురాయా కథ మరీ విచిత్రం. 1942లో జపాను నౌకాదళ విజయాలను కీర్తిస్తూ తీసిన యుద్ధచిత్రం కోసం ఆయన పెర్ల్ హార్బరును బొమ్మలుగా నిర్మించి, బొమ్మ విమానాలతో దాడి చేయించాడు. యుద్ధానంతరం ఆ నేరానికి ఉద్యోగం కోల్పోయాడు. విజయాన్ని బొమ్మలతో చూపిన ఆ చేతులే పన్నెండేళ్ళ తరువాత వినాశనాన్ని బొమ్మలతో చూపాయి.

సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబె అటవీశాస్త్రం చదివినవాడు. యుద్ధకాలంలో కలప పరిశోధనలో సరైన రక్షణ లేకుండా ఎక్స్‌రే కిరణాలతో పనిచేసి జబ్బుపడ్డాడు. అటువంటి యుద్ధకాలపు పరిశోధనలోనే రేడియో ధార్మికత సోకి ఆయన అన్న మరణించాడు. గొజిరా అరుపు ఏ జంతువుదీ కాదు. జంతువుల అరుపులేవీ అతకలేదు. చివరకు ఇఫుకుబె ఒక పెద్ద డబుల్ బాస్ వాద్యం తంత్రులను సడలించి, జిగురు పట్టించిన తోలు చేతొడుగుతో వాటిని బలంగా రాపాడించాడు. ఆ ధ్వనిని రికార్డు చేసి వేగం తగ్గించారు. కోపమో ఏడుపో తేల్చి చెప్పలేని ఆ అరుపు అలా పుట్టింది.

కింగ్ కాంగ్‌ను త్సుబురాయా ఎంతో శ్రద్ధగా అధ్యయనం చేశాడు. ఆ చిత్రంలో చిన్న బొమ్మను వెంట్రుకవాసి కదిలిస్తూ, ఒక్కొక్క ఫ్రేమును విడివిడిగా తీశారు. అదే పద్ధతిలో గొజిరా తీయాలంటే ఏళ్ళు పడుతుంది. తోహో ఇచ్చిన గడువు నెలల్లో ఉంది. కనుక మనిషికి తొడుగు తొడగక తప్పలేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. కథలో గొజిరా ఎత్తు 50 మీటర్లు. తొడుగులో మనిషి సుమారు రెండు మీటర్లు. కాబట్టి నగరాన్ని నిజమైనదానిలో 25వ వంతుగా కట్టారు. కాని 25వ వంతు ఎత్తున్న మేడ కూలడానికి, నిజమైన మేడకు పట్టే కాలంలో ఐదవ వంతు చాలు. అలాగే తీసి చూపితే అట్టపెట్టె పడినట్లే ఉంటుంది. అందుకని కెమెరాను మామూలుకన్న ఎన్నో రెట్లు వేగంగా తిప్పి తీసి, మామూలు వేగంతో ప్రదర్శించారు. అప్పుడు మేడకు బరువు వచ్చింది. కాని కెమెరా వేగంగా తిరిగినకొద్దీ ఒక్కొక్క ఫ్రేముకు అందే వెలుతురు తగ్గుతుంది. దానికి విరుగుడుగా దీపాల సంఖ్య పెంచాలి. దీపాలు పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడంతా భరించినవాడు రబ్బరులో మూసుకుపోయిన నకాజిమా. పైగా చిత్రం నెమ్మదిగా నడుస్తుంది కనుక అతడు లోపల అంత త్వరగానూ కదలవలసి వచ్చేది. తొడుగు విప్పినప్పుడల్లా లోపలి చెమటను పారబోయవలసి వచ్చేదట.

ఆ నడక కోసం నకాజిమా టోక్యోలోని ఉయెనో జంతు ప్రదర్శనశాలకు పోయి, ఏనుగులు, ఎలుగుబంట్లు బరువును ఒక పాదం మీది నుంచి మరొక పాదం మీదికి ఎలా మార్చుకుంటాయో గమనించాడు. ఆ జంతుశాలకొక చరిత్ర ఉంది. వైమానిక దాడులు జరిగితే తప్పించుకుపోతాయన్న భయంతో 1943లో అక్కడి మూడు ఏనుగులను మేత మాన్పి చంపారు. యుద్ధం ముగిశాక ఏనుగును చూడని టోక్యో పిల్లలు నెహ్రూకు లేఖలు రాశారు. 1949లో ఆయన ఒక ఏనుగును పంపి, దానికి తన కుమార్తె పేరే పెట్టాడు. నకాజిమా వెళ్ళేనాటికి ఆ 'ఇందిర' అక్కడనే ఉంది. గొజిరా అడుగులో భారతదేశపు ఏనుగు అడుగు ఏ కొంచెమైనా కలసిందేమో!

విద్యుత్ స్తంభాలు గొజిరా ఊపిరికి కరిగి వంగిపోయే దృశ్యాన్ని చూసినవారు మరచిపోరు. ఆ స్తంభాలు మైనంతో పోసినవి. స్టూడియో దీపాల వేడికే కరిగిపోయాయి. ఇంకొక ఉదంతం ప్రసిద్ధమైనది. చిత్రీకరణకు ముందు హోండా, త్సుబురాయా బృందం గింజా వీధిలోని ఒక దుకాణ భవనం పైకప్పు ఎక్కి, ఎక్కడ నుంచి మంటలు మొదలుపెట్టాలి, ఏ మేడను ముందు కూల్చాలి అని వేళ్ళు చూపించుకుంటూ చర్చించుకుంటున్నారు. ఆ మాటలు విన్న కాపలాదారు వారిని అనుమానించి నిలదీశాడు. తొమ్మిదేళ్ళ క్రితం నిజంగానే తగలబడిన నగరంలో అటువంటి మాటలు ఎవరి చెవినబడినా పరిహాసంగా తోచవు.

కథ సముద్రంలో మొదలవుతుంది. ఓడపై కూర్చుని పాడుకుంటున్న నావికుల ఎదుట నీళ్ళు తెల్లగా మెరుస్తాయి. ఓడ తగలబడి మునిగిపోతుంది. మార్చి నెలలో యాయిజు చేరిన పడవ గూర్చి అప్పటికి ప్రేక్షకులలో తెలియనివాడు లేడు. కనుక ఎవరికీ వివరణ అవసరం లేకపోయింది. లోకల్ రైలులో ఉద్యోగస్థులు మాట్లాడుకుంటారు: చేపలు విషమయ్యాయి, ఇప్పుడీ గొజిరా ఒకటి, నాగసాకిలో చావు తప్పించుకున్నది ఇందుకేనా అని ఒక యువతి విసుక్కుంటుంది. ఆ సంభాషణలో ఏడుపు లేదు, నాటకీయత లేదు. ధరలు పెరిగాయని వాపోయే ధోరణి. చిత్రం మొత్తంలో అతి భయంకరమైన క్షణం అదే అనవచ్చు.

గొజిరా నగరంలో ప్రవేశించిన రాత్రి, మంటల నడుమ గోడకు ఆనుకుని కూర్చున్న ఒక తల్లి పిల్లలను ఒడిలోకి లాక్కుని, ఇక కాసేపట్లో మీ నాన్న దగ్గరకు వెళ్ళిపోతామని ఓదారుస్తుంది. ఆ తండ్రి ఎక్కడ మరణించాడో చిత్రం చెప్పదు. 1954లో చెప్పనవసరం లేదు. మరునాటి ఉదయం ఆసుపత్రి నడవాలో క్షతగాత్రులు బారులు తీరి పడుకుని ఉంటారు. ఒక శాస్త్రజ్ఞుడు చిన్నపిల్లకు ఎదురుగా గైగర్ కౌంటరును పట్టి, దాని చప్పుడు విని, తల అడ్డంగా ఊపుతాడు. అమెరికన్ మృగ చిత్రాలలో ఇటువంటి ఉదయం ఉండదు. మృగం చస్తుంది, నాయకుడు నాయికను చేరుకుంటాడు, దీపాలు వెలుగుతాయి. గొజిరా చిత్రం మాత్రం కూలిన మేడల దగ్గర ఆగక, గాయపడినవారి మంచాల దాకా వెళ్ళింది.

తకాషీ షిమురా పోషించిన వృద్ధ జీవశాస్త్రజ్ఞుడు డాక్టర్ యమానె ఈ మృగాన్ని చంపవద్దంటాడు. ఉదజని బాంబును కూడా తట్టుకుని బ్రతికిన ప్రాణి ఇది, ఎలా బ్రతికిందో తెలుసుకోండని ప్రాధేయపడతాడు. (అదే సంవత్సరం విడుదలైన కురొసావా 'సెవెన్ సమురాయ్'లో సమురాయ్‌ల నాయకుడు ఈ షిమురాయే. రబ్బరు తొడుగులోని నకాజిమా కూడా అందులో బందిపోటుగా ఒక చిన్న పాత్ర ధరించాడు.) యమానె మాట ఎవరూ వినరు. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న యువ శాస్త్రజ్ఞుడు సెరిజావా వద్ద నీటిలోని ప్రాణవాయువును హరించే మహాయుధం ఒకటి ఉంది. అది బయటపడితే అణుబాంబు తరువాతి బాంబు తనదే అవుతుందని అతడి భయం. బాలికలు శాంతిగీతం ఆలపించడం టెలివిజనులో చూసి మనసు మార్చుకుంటాడు. పరిశోధన కాగితాలన్నీ తగులబెట్టి, ఆయుధంతోపాటు తానే సముద్రంలోకి దిగి, గొజిరా మరణించడం చూసి, తనకు గాలి అందించే గొట్టాన్ని తానే కోసుకుంటాడు. కాగితాలు కాల్చినా రహస్యం తన తలలో మిగిలి ఉందని అతనికి తెలుసు. పైన ఓడమీద ఉన్నవారు విజయోత్సవం చేసుకోరు, టోపీలు తీసి నిలబడతారు. పరీక్షలు ఆగకపోతే ఇటువంటి గొజిరా మరొకటి లేవవచ్చునని యమానె గొణుక్కుంటాడు.

ఈ మృగాలను జపానువారు 'కాయిజూ' అంటారు. కాయి అంటే వింత, జూ అంటే మృగం. దీనిని ఇంగ్లీషు 'మాన్‌స్టర్' అని అనువదించుకుంది. ఆ మాటలో దుష్టత్వం దాగి ఉంది. తెలుగులో 'రాక్షసుడు' అన్నా అదే చిక్కు. మన పురాణాల రాక్షసుడికి తపస్సుంది, వరముంది, గర్వముంది. అతని చావు న్యాయం. కాయిజూకు ఇవేవీ లేవు. అది ఎవరినీ ద్వేషించదు. దాని నిద్ర చెడగొట్టినది మనుషులు; దాని ఒంటిమీద కాలిన మచ్చల వంటి ముడుతలు వేసినది మనుషులు. పుట్టుకతోనే మరీ ఎత్తు, మరీ బరువు, మరీ బలం కావడమే ఈ మృగాల విషాదమనీ, అవి కోరి చెడ్డవి కావనీ హోండా చెబుతూ వచ్చాడు. అవి మన మధ్య నడిస్తే మనం నలిగిపోతాం. మన మధ్య తప్ప నడవడానికి వాటికి చోటు లేదు. చంపక తప్పని ప్రాణి చావుకు జాలిపడమని అడిగే కథలు లోకంలో అరుదు. ఈ చిత్రాల ఆకర్షణలో పెద్దపాలు దీనిదే.

సరిగా ఈ భాగమే సముద్రం దాటలేకపోయింది. 1956లో అమెరికన్ పంపిణీదారులు చిత్రాన్ని కోసి, 96 నిమిషాలను 80కి కుదించి, రేమండ్ బర్ అనే నటుణ్ణి ఒక అమెరికన్ విలేకరిగా మధ్యలో చొప్పించారు. హాలీవుడ్‌లో కొద్ది రోజులలో తీసిన ఆ దృశ్యాలలో, జపాను నటుల వీపులను పోలిన వీపులతో అతడు మాట్లాడతాడు. నాగసాకి పేరెత్తిన రైలు సంభాషణ మాయమైంది. పరీక్షలు ఆగకపోతే అన్న యమానె హెచ్చరికకు బదులు, లోకం మళ్ళీ ఊపిరి పీల్చుకుందన్న ధోరణి వచ్చి చేరింది. ప్రపంచమంతా చూసి, పిల్లల చిత్రమని తేల్చినది ఈ కుదించిన ప్రతినే. అసలు జపాను ప్రతి అమెరికా థియేటర్లలో విస్తృతంగా ప్రదర్శితం కావడానికి 2004 వరకు ఆగవలసి వచ్చింది. అనువాదంలో ఒక మాట పోతే మరొక మాటతో సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ పోయింది మాట కాదు, కారణం. కారణం పోయిన మృగం వట్టి మృగమై మిగిలింది.

జపానులో మాత్రం కారణం కొంతకాలం నిలిచింది. 1956లో హోండా తీసిన రంగుల చిత్రం 'రొదాన్'లో రెక్కల మృగాల జంట ఉంటుంది. ఒకటి అగ్నిపర్వతంలో పడి కాలిపోతుంటే, తప్పించుకోగలిగిన రెండవది కూడా వచ్చి ఆ లావాలోనే దిగుతుంది. 1961 నాటి 'మొత్రా' ఇంకా వింతైనది. అందులోని మృగం ఒక మహా సీతాకోకచిలుక. అణు పరీక్షలకు గురైన ఒక దీవి నుంచి, ఇద్దరు చిట్టి కవల యువతులను ఒక ధనాశాపరుడు ఎత్తుకుపోయి ప్రదర్శనలో పాడిస్తాడు. వారిని తీసుకుపోవడానికి మొత్రా వస్తుంది, అంతే. నగరం నాశనమయ్యేది దాని దారిలో అడ్డంగా ఉన్నందువల్ల. మూడేళ్ళ క్రితం కట్టిన టోక్యో టవరును వంచి దానిమీద అది పట్టుగూడు అల్లుకుంటుంది. కవలలు పాడే ప్రార్థనకు ఇండొనేషియా మాటలు పెట్టారు. ఆ పాటలో 'శక్తి' నుంచి పుట్టిన ఒక పదం కూడా వినవస్తుంది. సంస్కృత శబ్దం జావా దీవి మీదుగా సాగి, జపాను సీతాకోకచిలుకను మేల్కొలిపిందన్నమాట!

1962లో గొజిరాకు కింగ్ కాంగ్‌తో పోరు పెట్టారు. టెలివిజను కార్యక్రమానికి ప్రేక్షకులు చాలక ఒక మందుల కంపెనీ ప్రచారాధికారి గొరిల్లాను పట్టి తెప్పించే వ్యంగ్య కథ అది. కోటి మందికి పైగా చూశారు. అక్కడి నుంచి పిల్లలే ప్రధాన ప్రేక్షకులయ్యారు. 1965లో మరొక సంస్థ గమెరా అనే ఎగిరే తాబేలును దింపింది. 1966లో త్సుబురాయా స్వంత సంస్థ టెలివిజనులో 'అల్ట్రామన్'ను ప్రవేశపెట్టింది. ఆ యేటనే బొంబాయిలో కూడా 'గొగోలా' పేరిట ఒక హిందీ సముద్రమృగం పుట్టింది. గొజిరా నాట్యమాడింది, కొడుకును పెంచింది, భూగోళానికి రక్షకుడైంది. ఈ చిత్రాలలో చాలావాటికి ఖర్చు తక్కువ, తొందర ఎక్కువ. పాత చిత్రాల తుక్కు ముక్కలను కొత్త వాటిలో అతికించిన సందర్భాలూ ఉన్నాయి. వాటినన్నింటిని కళాఖండాలని పొగడడం వృథా అభిమానం. అయినా వాటిలో కూడా, కొలమానానికి తగినట్లు ఒక్కొక్క కిటికీ అమర్చిన చేతిపని కనిపిస్తూనే ఉంటుంది. అది రేపు కాళ్ళ కింద పడేదని తెలిసి కూడా ఆ పనివారు కిటికీలను అమర్చారు.

1971లో గొజిరా ఎదుర్కొన్న శత్రువు పేరు హెదోరా. అది ఫ్యాక్టరీ మురుగు నుంచి పుట్టిన బురద మృగం. యొక్కాయిచి నగరపు పొగలు, మినమాత రోగం వార్తలలో ఉన్న కాలమది. ఆ మరుసటి ఏడాది చిత్రంతో నకాజిమా గొజిరా తొడుగు విప్పేశాడు. పన్నెండు చిత్రాలలో అతడే ఆ మృగం. 1975లో హోండా తీసిన చివరి గొజిరా చిత్రానికి పది లక్షల మంది కూడా రాలేదు. మృగం తొమ్మిదేళ్ళు నిద్రపోయింది.

1984లో మళ్ళీ లేచేసరికి లోకం మళ్ళీ అణుభయంలో ఉంది. ఆ చిత్రంలో అమెరికా, సోవియట్ రాయబారులు ఇద్దరూ గొజిరాపై అణ్వస్త్రం వాడతామని ఒత్తిడి తెస్తే, జపాను ప్రధాని ఇద్దరికీ కాదంటాడు. ఒక సోవియట్ నావికాధికారి, ప్రమాదవశాత్తు బయలుదేరబోతున్న క్షిపణిని ఆపడానికి ప్రయత్నిస్తూ ప్రాణం విడుస్తాడు. మరుసటి ఏడాది అమెరికాలో విడుదలైన ప్రతిలో ఆ అధికారే కావాలని మీట నొక్కుతాడు. మధ్యలో చొప్పించిన విలేకరి మళ్ళీ రేమండ్ బర్. ఇరవై తొమ్మిదేళ్ళలో కత్తెర మారలేదు.

2011లో భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అయిదేళ్ళ తరువాత వచ్చిన 'షిన్ గొజిరా'లో మృగం నగరాన్ని తొక్కుతూ ఉంటే, అధికారులు ఒక సమావేశ మందిరం నుంచి మరొక సమావేశ మందిరానికి మారుతూ ఉంటారు. 2023 నాటి 'గొజిరా మైనస్ వన్' మళ్ళీ యుద్ధానంతర శిథిలాలకు వెళ్ళింది. ఆత్మాహుతి దళం నుంచి తప్పుకుని బ్రతికి వచ్చిన ఒక విమానచోదకుడు, తాను బ్రతికినందుకు తానే సిగ్గుపడుతూ ఉండగా సముద్రం నుంచి గొజిరా లేస్తుంది. రబ్బరు తొడుగు లేదు, అంతా కంప్యూటరు చిత్రణ. అదీ 35 మంది చేసినది. 2024 మార్చి 10న ఆ చిత్రం ట్రిక్కు దృశ్యాలకు ఆస్కార్ అందుకుంది. జపాను చిత్రానికి ఆ బహుమతి అదే మొదలు. అదే రాత్రి అదే వేదికపై ఉత్తమ చిత్రం బహుమతి అందుకున్నది అణుబాంబు నిర్మాత ఓపెన్‌హైమర్ జీవితకథ.

2015లో టోక్యోలోని షింజుకు పేట గొజిరాకు ప్రత్యేక పౌరసత్వం ఇచ్చి గౌరవించింది. అక్కడ ఒక హోటలు మేడ అంచున నెలకొల్పిన దాని పెద్ద తల పక్కన యాత్రికులు ఫోటోలు తీయించుకుంటారు. నగరం తూర్పు కొసన సముద్రం అంచున చెత్త పోసి పూడ్చిన నేల ఒకటి ఉంది. దానిపేరు యుమెనొషిమా, అంటే స్వప్నద్వీపం. ఐదవ అదృష్ట నాగం అక్కడ ఉంది. కడిగి, పేరు మార్చి, కొన్నాళ్ళు విద్యార్థుల శిక్షణ నౌకగా వాడి, పనికిరాదని 1967లో ఆ చెత్తదిబ్బ పక్కన వదిలివేసిన పడవను పౌరులు ఉద్యమం చేసి కాపాడారు. 1976లో దానికొక ప్రదర్శనశాల కట్టారు. దాదాపు 30 మీటర్ల కొయ్య పడవ. పక్కనే ఒక చిన్న సీసాలో, 1954లో దానిమీద రాలిన తెల్లని బూడిద. ప్రవేశ రుసుము లేదు.